అభ్యర్థి వైఖరిని ఎలా తూచాలి: సీమ చర్చావేదికపై నీరు, హైకోర్టు, ఉక్కు, బీమా

మీ ప్రశ్న సారాంశం ఇది. అనంతపురంలో పౌరసంఘాలు ఏర్పాటు చేసిన ముఖాముఖిలో ఒక శాసనసభ అభ్యర్థి చాలాసేపు మాట్లాడారు. సీమకు నికర జలాలు సాధిస్తామన్నారు, కర్నూలుకు హైకోర్టు రావాలన్నారు, కడప ఉక్కు కర్మాగారం ఆగదన్నారు, శనక్కాయ రైతుకు ఉచిత బీమా, కౌలు రైతుకు న్యాయం, వలసలకు అడ్డుకట్ట అన్నారు. వింటున్నప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి కాని, ఇంటికి వెళ్లాక ఏ అంశంపై ఆయన వైఖరి ఏమిటో మీరు చెప్పలేకపోయారు. తర్వాతి చర్చలో ఏమి అడగాలి, వచ్చిన జవాబును ఎలా తూచాలి అన్నది మీ సందేహం. నేను జలవనరుల శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి; ఆ తర్వాత కర్నూలు, నంద్యాల, అనంతపురాల్లో ఇలాంటి వేదికలకు ప్రశ్నలు సిద్ధం చేసిపెడుతున్నాను. ఆ అభ్యర్థి ఏ పార్టీవారో మీరు రాయలేదు. మంచిదే, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏ పార్టీకీ మినహాయింపు ఇవ్వదు.

సీమలో నిలబడి సీమకు నీళ్లు కావాలనడానికి ఎవరికీ ధైర్యం అక్కరలేదు. ఆ నీరు ఎవరి వాటాలోంచి, ఏ నెలలో, ఏ మట్టం నుంచి రావాలో చెప్పినప్పుడు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఆ నొప్పిని భరించడానికి సిద్ధపడి చెప్పిన మాటనే నేను వైఖరిగా లెక్కిస్తాను. కాబట్టి ప్రతి అంశంలోనూ మీరు వెతకవలసింది ఆ నష్టపోయేవారెవరన్నది, అదే మాటను ఆ పార్టీవారు కృష్ణా డెల్టాలోని తెనాలిలోనో తెలంగాణలోని మిర్యాలగూడలోనో కర్ణాటకలోని బళ్లారిలోనో కూడా చెప్పగలరా అన్నది. ఎవరినీ నొప్పించని జవాబు ఎంత చక్కగా ఉన్నా, ఆ అంశంపై అభ్యర్థి ఇంకా ఏమీ చెప్పలేదనే రాసుకోండి.

నీటి విషయాన్ని కొంచెం వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మన వేదికల మీద అన్నిటికన్నా ఎక్కువగా పలికేదీ, అన్నిటికన్నా తక్కువగా తేలేదీ ఇదే. నికర జలాలంటే నూటికి 75 ఏళ్లు నమ్మకంగా దొరికే నీరు. కృష్ణా నీటిని రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ నదిలో ఆ లెక్కన 2,060 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఉన్నాయని తేల్చి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పునరుత్పత్తి జలాలతో (వాడాక తిరిగి నదిలో చేరే నీటితో) కలిపి 811 టీఎంసీలు ఇచ్చింది. రాష్ట్రంలో వాడకం లెక్కలు కట్టినప్పుడు అందులో రాయలసీమ భాగంగా చూపేది 144.70 టీఎంసీలు. కేసీ కాలువకు 39.9, తుంగభద్ర ఎగువ కాలువకు 32.5, శ్రీశైలం కుడి బ్రాంచి కాలువకు 19 టీఎంసీలు, తక్కినవి అందులోనే వస్తాయి. 40 టీఎంసీల హంద్రీ–నీవా, 38 టీఎంసీల గాలేరు–నగరి, తెలుగుగంగలో సేద్యానికి ఉద్దేశించిన భాగం, ఇవన్నీ ఈ నికర కేటాయింపు వెలుపల, వరద జలాల మీద ఆధారపడి కట్టినవి. బచావత్ ట్రిబ్యునల్ మిగులు నీటిని వాడుకునే వెసులుబాటును ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిందే తప్ప దానిపై హక్కు ఇవ్వలేదు. 2014 పునర్విభజన చట్టం పదకొండో షెడ్యూలులో హంద్రీ–నీవా, తెలుగుగంగ, గాలేరు–నగరి, వెలిగొండలను పూర్తిచేయాలని ఉంది; అది నిర్మాణానికి రక్షణే కాని నికర జలాల కేటాయింపు కాదు.

ఇంత తెలిసిన తర్వాత, ‘నికర జలాలు సాధిస్తాం’ అన్న అభ్యర్థి ముందు మూడే దారులున్నాయి. మొదటిది ట్రిబ్యునల్. కృష్ణా జలాలపై రెండోదైన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు 2023 అక్టోబరులో కేంద్రం కొత్త విచారణాంశాలు ఇచ్చి, రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపకాన్ని కూడా అప్పగించింది. అక్కడ శాసనసభ్యుడి గొంతుకు స్థానం లేదు. తన ప్రభుత్వం ఏ వాదన వినిపించాలని కోరుకుంటున్నారో మాత్రమే ఆయన చెప్పగలరు. రెండోది రాష్ట్రం లోపలి సర్దుబాటు. పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా 2015 నుంచి గోదావరి నీరు కృష్ణా డెల్టాకు వెళ్తోంది, పోలవరం పూర్తయితే 80 టీఎంసీల మళ్లింపు దాని సహజ విధి. డెల్టాకు గోదావరి నీరు అందిన మేరకు శ్రీశైలంలో కృష్ణా నీరు మిగలాలి, మిగిలినదాన్ని సీమ వాడుకోవాలి అన్నది మనకు చెప్పిన వాదన. అయితే నీరు అలా మిగిలిన సంవత్సరం వాడుకోవడం వేరు, ఆ నీరు ఫలానా ప్రాజెక్టుది అని ఉత్తర్వు రాసి పెట్టుకోవడం వేరు. కాబట్టి మీ అభ్యర్థిని ఇలా అడగండి: డెల్టాకు గోదావరి నీరు వచ్చిన మేరకు కృష్ణా నీటిని హంద్రీ–నీవాకో గాలేరు–నగరికో రాతపూర్వకంగా కేటాయిస్తూ ఉత్తర్వు రావాలని మీరు కోరతారా, ఎన్ని టీఎంసీలకు కోరతారు, మీ పార్టీ కృష్ణా, గుంటూరు జిల్లాల నాయకులు దానికి ఒప్పుకున్నారా? ఈ ప్రశ్నకు ‘అందరికీ న్యాయం చేస్తాం’ అన్న జవాబు వస్తే అది లేదన్నట్టే.

మూడో దారి తుంగభద్ర. అనంతపురం వారికి ఇది అన్నిటికన్నా దగ్గరి విషయం. హొసపేట దగ్గరి తుంగభద్ర జలాశయం మొదట 133 టీఎంసీల సామర్థ్యంతో కట్టినది, పూడిక వల్ల ఇప్పుడు 105 టీఎంసీలకు దగ్గరగా ఉంది. ఆ తగ్గుదలను దామాషాలో పంచడంతో ఎగువ కాలువకు 32.5 టీఎంసీలు కాగితం మీదే నిలిచిపోయిన సంవత్సరాలే ఎక్కువ. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ కాలువ కింద ఉన్నవారు పడ్డ ఆందోళన మీకు గుర్తుండే ఉంటుంది. వరద రోజుల్లో నీరు మళ్లించే సమాంతర కాలువ కావాలని సీమ, నవలి వద్ద మరో జలాశయం కావాలని కర్ణాటక చాలాకాలంగా అంటున్నాయి. మరోవైపు ఈ జలాశయానికి ఎగువనే నీరు తీసుకునే కర్ణాటక ఎగువ భద్ర ప్రాజెక్టుకు 2023–24 కేంద్ర బడ్జెట్‌లో 5,300 కోట్ల రూపాయలు ప్రకటించారు. కేంద్రంలోనో కర్ణాటకలోనో అధికారంలో ఉన్న పార్టీ అభ్యర్థి గాని, వారితో పొత్తులో ఉన్నవారు గాని మీ ముందుకు వచ్చినప్పుడు ఎగువ భద్రపై వారి అభిప్రాయం అడగకుండా వదలకండి. అక్కడ వారు నీళ్లు నమలడం మొదలుపెడితే దాన్ని కూడా రాసుకోండి.

శ్రీశైలం మట్టం గురించి ఒక్క ప్రశ్న వేస్తే అభ్యర్థి చదివి వచ్చారో లేదో తెలిసిపోతుంది. పూర్తి మట్టం 885 అడుగులు. 1996లో జీవో 69 కనీస మట్టాన్ని 834 అడుగులకు దించింది. 2004లో జీవో 107 దాన్ని 854కు పెంచింది. శ్రీశైలం నుంచి సీమకు నీరు వదిలే పోతిరెడ్డిపాడు తూముల సామర్థ్యం మొదట 11 వేల క్యూసెక్కుల పైచిలుకు ఉండగా, 2005లో మొదలైన విస్తరణతో 44 వేలు అయింది. కాని ఆ 44 వేలు రావాలంటే జలాశయంలో 881 అడుగుల నీరుండాలి, 854 దగ్గర సుమారు 7 వేలకు మించి రావని రాష్ట్ర ప్రభుత్వమే తన వాదనల్లో చెప్పుకుంది. ఎత్తిన సంఖ్య ఒకటి, దిగే నీరు ఒకటి. ఈ కారణంతోనే 2020 మే నెలలో జీవో 203 ద్వారా సంగమేశ్వరం వద్ద రోజుకు 3 టీఎంసీల ఎత్తిపోతల తలపెట్టారు, పర్యావరణ అనుమతి లేదన్న కారణంతో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపింది. ఎడమగట్టు విద్యుత్కేంద్రం తెలంగాణ చేతిలో ఉంది, కుడిగట్టుది మన చేతిలో ఉంది. కాబట్టి ‘సంగమేశ్వరం ఎత్తిపోతలకు అనుకూలమా?’ అన్న ప్రశ్న సరిపోదు, ఎందుకంటే అనుకూలమే అంటారు. ‘854 అడుగుల కిందికి మట్టం పోతున్నప్పుడు మన కుడిగట్టు కేంద్రంలో కూడా కరెంటు ఉత్పత్తి ఆపాలని మీరు మీ ప్రభుత్వాన్ని కోరతారా?’ అని అడగండి. అక్కడ నష్టపోయేది సొంత ప్రభుత్వ విద్యుత్ సంస్థ, ఆగేది నాగార్జునసాగర్‌కు దిగే నీరు. సిద్ధేశ్వరం అలుగు అడుగుతున్నవారి ఆలోచన కూడా దీని చుట్టూనే తిరుగుతుంది: శ్రీశైలం వెనుక జలాల్లో అడ్డంగా అలుగు కట్టి కొంత ఎత్తులో నీరు నిలబెడితే దిగువన మట్టం పడిపోయినా సీమ తూములకు నీరందుతుందని. 2016 మే 31న రైతులు తామే అక్కడికి కదిలివెళ్లి శంకుస్థాపన చేశారు. అలుగు విషయంలో అవును, కాదు అన్న రెండు జవాబుల్లో ఏదైనా గౌరవించదగినదే. ‘పరిశీలిస్తాం’ అన్న మాట మాత్రం విని విని నాకు విసుగొచ్చింది.

ఇంకా ఊరికి దగ్గరగా రండి. హంద్రీ–నీవా కాలువకు సిమెంటు లైనింగు వేయాలా వద్దా అన్నది అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఇప్పుడు రైతుకూ రైతుకూ మధ్య తగవు. కాలువ పక్కన బోర్లున్నవారికి ఊట కావాలి, చివరి ఊళ్లవారికి నీరు దారిలో ఇంకిపోకుండా రావాలి. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. తొలి దశ కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేశాక కూడా చెరువులు నింపడమే కనబడుతోంది గాని, పొలానికి నీరు పంచే పిల్లకాలువలు చాలాచోట్ల లేవు. ఇక్కడ అభ్యర్థి తప్పించుకోవడానికి కేంద్రం లేదు, ట్రిబ్యునల్ లేదు, పొరుగు రాష్ట్రం లేదు. ఆయన నియోజకవర్గంలోనే ఓట్లు రెండుగా చీలే ప్రశ్న కనుక నేను దీన్ని అన్ని నీటి ప్రశ్నల కన్నా ముందు పెట్టమంటాను. నా అభిప్రాయం అడిగితే, పిల్లకాలువలకు డబ్బు చూపకుండా లైనింగు గురించి మాట్లాడేవారిని నేను నమ్మను.

హైకోర్టు విషయంలో అభ్యర్థులందరూ శ్రీబాగ్ ఒడంబడిక పేరు ఎత్తుతారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట కుదిరిన ఆ మాట ప్రకారం రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట ఉండకూడదు, రెంటిలో ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, 1954లో హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. 1956లో రెండూ హైదరాబాదుకు తరలాయి. ఇదంతా అందరికీ తెలిసిన చరిత్రే. చర్చలో తేల్చుకోవలసింది మాత్రం చట్టం దగ్గర ఉంది. పునర్విభజన చట్టం 31వ సెక్షను ప్రకారం హైకోర్టు ప్రధాన స్థానాన్ని నిర్ణయించేది రాష్ట్రపతి. ఆ ఉత్తర్వుతోనే 2019 జనవరి 1 నుంచి అమరావతిలో హైకోర్టు పనిచేస్తోంది. అదే సెక్షనులో, గవర్నరు ఆమోదంతో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాష్ట్రంలో మరోచోట కూడా న్యాయమూర్తులు కూర్చునేలా ఏర్పాటు చేయవచ్చని ఉంది. మూడు రాజధానుల 2020 చట్టం కర్నూలును న్యాయ రాజధాని అన్నది, 2021 నవంబరులో దాన్ని ఉపసంహరించుకున్నారు. 2024 నవంబరులో శాసనసభ కర్నూలులో ధర్మాసనం కోసం తీర్మానం చేసింది. ఒకటి మొత్తం హైకోర్టు, ఇంకొకటి అందులో కొంత భాగం; రెండింటిలో దేనికి కట్టుబడి ఉన్నారో అభ్యర్థి తేల్చి చెప్పాలి.

ధర్మాసనం అన్నవారిని ఏ జిల్లాల కేసులు కర్నూలుకు రావాలి, ఎందరు న్యాయమూర్తులుండాలి, శాశ్వతమా తాత్కాలికమా అని అడగండి. పక్కనున్న కర్ణాటకలో ధార్వాడ, కలబురగి ధర్మాసనాలు 2008లో సంచార పద్ధతిలో మొదలై 2013లో శాశ్వతమయ్యాయి. కాబట్టి ఇది ఊహాలోకపు ప్రశ్న కాదు. చిత్తూరు, తిరుపతి వారికి కర్నూలు దగ్గరా అమరావతి దగ్గరా అన్న తగవు కూడా ఇందులో ఉంది, దాన్ని కర్నూలు వేదికల మీద ఎవరూ ఎత్తరు. మొత్తం హైకోర్టే కావాలన్నవారిని, రాష్ట్రపతి ఉత్తర్వు మార్పించడానికి రాష్ట్ర మంత్రివర్గం నుంచి ఏ ప్రతిపాదన పంపిస్తారో, తమ పార్టీ రాష్ట్ర మేనిఫెస్టోలో ఆ వాక్యం ఉందో లేదో అడగండి. మేనిఫెస్టోలో లేనిది వేదిక మీద చెప్పడం తప్పు కాదు, కాని అది ఆయన సొంత మాట అని ఒప్పించుకోవాలి.

కడప ఉక్కు గురించి తక్కువ చెబుతాను. పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు కేంద్ర ఉక్కు సంస్థను ఆరు నెలల్లోపు సాధ్యాసాధ్యాలు పరిశీలించమంది, కట్టమనలేదు. జమ్మలమడుగు ప్రాంతంలో 2007లో, 2018లో, 2019లో, 2023లో శంకుస్థాపనలు జరిగాయి. ఇన్ని రాళ్లు పడ్డాక మరో వాగ్దానాన్ని వైఖరి అనలేం. ఇనుప ఖనిజం ఏ గనుల నుంచి, నీరు గండికోట జలాశయం నుంచి అయితే ఎవరి ఆయకట్టుకు ఎంత తగ్గించి, పెట్టుబడి ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్న మూడింటికి జవాబు లేని అభ్యర్థి దగ్గర ఎక్కువసేపు ఆగవద్దు. కాలం గురించి ఒక కొలత కావాలంటే నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం ఉంది: 1996–97లో మంజూరై 2016లో పూర్తయింది. ఐదేళ్లలో ఉక్కు అంటున్నవారికి ఆ తేదీలు గుర్తుచేస్తే చాలు.

పంటల బీమా దగ్గర మళ్లీ ఆగాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 ఖరీఫ్‌లో వచ్చింది. ఖరీఫ్ ఆహార, నూనెగింజ పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. 2020 నుంచి కేంద్రం తన వాటాను వర్షాధార ప్రాంతంలో 30 శాతం, నీటి వసతి ఉన్నచోట 25 శాతం ప్రీమియం రేటు వరకే పరిమితం చేసింది. అంతకు మించితే రాష్ట్రమే భరించాలి. కరువు పదేపదే వచ్చే జిల్లాలో బీమా కంపెనీ అడిగే రేటు ఎక్కువగానే ఉంటుంది కనుక ఈ పరిమితి దెబ్బ అనంతపురం లాంటి చోటనే ముందు తగులుతుంది. 2024కు ముందున్న రాష్ట్ర ప్రభుత్వం రైతు వాటాను కూడా తానే కట్టి ఉచితం చేసింది. 2024 రబీ నుంచి రైతు వాటా మళ్లీ వచ్చింది. ఉచితమా కాదా అన్నది ఓట్ల ప్రశ్నే గాని, నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది పరిహారం దేన్ని చూసి లెక్కిస్తారన్నది. మన శనక్కాయకు చాలా ఏళ్లుగా వాతావరణ ఆధారిత బీమా ఉంది. అందులో రైతు చేలో పంట ఎంత పోయిందన్నది చూడరు, ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రంలో నమోదైన వాన, ఎండ రోజుల లెక్క చూస్తారు. ఊడలు దిగే సమయంలో మన చేలో వాన లేకపోయినా మండల కేంద్రంలో ఒక జల్లు పడితే ఆ ఊరికి పరిహారం తగ్గిపోవచ్చు. దిగుబడి ఆధారంగా, గ్రామం యూనిట్‌గా లెక్కించాలని కోరతారా అని అడగండి. అలా చేస్తే పంటకోత ప్రయోగాలు ప్రతి ఊళ్లో జరగాలి, సిబ్బంది కావాలి, ప్రీమియం ఇంకా పెరగవచ్చు. ఆ ఖర్చుకు సిద్ధపడి అవునన్న అభ్యర్థి ఏ పార్టీవారైనా ఈ విషయం తెలిసినవారే.

కౌలు రైతు మాట కూడా దీనికే ముడిపడి ఉంది. 2011 చట్టం రుణ అర్హత కార్డులు ఇచ్చింది, 2019 చట్టం పదకొండు నెలల సాగుదారు హక్కు కార్డు ఇచ్చింది. రెండోదానికి భూయజమాని సంతకం తప్పనిసరి చేశారు, దానితో చాలామంది కౌలుదారులు కార్డు లేకుండా మిగిలారు. కార్డు లేకపోతే ఈ-పంట నమోదు, బీమా, బ్యాంకు అప్పు అన్నీ చిక్కులే. ‘యజమాని సంతకం లేకుండా కార్డు ఇచ్చేలా చట్టం మార్చాలని మీరు కోరతారా?’ అన్నది సభలో ఉన్న భూయజమానుల ముందే అడగవలసిన ప్రశ్న. ఈ ప్రశ్నకు సూటిగా అవునని గాని కాదని గాని చెప్పినవారిని నేను చాలా అరుదుగా చూశాను. కాదని చెప్పినవారి మీద కూడా నాకు గౌరవమే పెరిగింది, ఎందుకంటే యజమానుల భయమేమిటో వారు వివరించగలిగారు.

వలసల గురించి అభ్యర్థులు జాలి మాటలతో సరిపెడతారు. ఆదోని, కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు సుగ్గికి పోవడమంటే సంక్రాంతి దాటాక కుటుంబం మొత్తం గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరడం, పిల్లలు బడి మానడం. కదిరి వైపు నుంచి బెంగళూరుకు, రాయచోటి, రాజంపేటల నుంచి కువైట్‌కు పోయేవారి పరిస్థితి పూర్తిగా వేరు. మూడింటికీ ఒకే జవాబు చెప్పేవారు ఏదీ చూడలేదని అర్థం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. పని ఉన్నా కూలి ఆలస్యంగా పడితే కుటుంబం ఆగదు, మిరప కోతలో చేతికి రొక్కం వస్తుంది. కాబట్టి ‘వలసలు ఆపుతాం’ అన్నవారిని ఆపడం గురించి కాక, పోయినవారి పిల్లల గురించి అడగండి: సీజనల్ హాస్టళ్లు జనవరిలోనే తెరుస్తారా, ఏ ఊళ్లలో తెరుస్తారు, వండేవారికీ చదువు చెప్పేవారికీ డబ్బు ఏ పద్దు కింద ఇస్తారు? ఇది చిన్న ఖర్చు, శాసనసభ్యుడు వెంటపడితే జరిగే పని. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న పోలింగు జరిగిందన్నది గమనిస్తే, సుగ్గికి పోయినవారిలో ఎందరు ఆ చర్చకు వచ్చి కూర్చోగలరో, ఎందరి ప్రశ్న మీరే అడగవలసి వస్తుందో తెలుస్తుంది.

పింఛన్లు, రుణమాఫీ, నగదు పథకాల గురించి మీరు అడగలేదు కాని అభ్యర్థి చెప్పకుండా ఉండరు. సుప్రీంకోర్టు 2013 జులైలో సుబ్రమణ్యం బాలాజీ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత ఎన్నికల సంఘం మేనిఫెస్టోలకు మార్గదర్శకాలు పెట్టింది: వాగ్దానానికి హేతువు ఉండాలి, డబ్బు ఎలా వస్తుందో స్థూలంగానైనా చెప్పాలి. దాన్ని ఉల్లంఘించినందుకు ఎవరూ శిక్ష పడి కూర్చోలేదు, అయినా మీ చేతిలో అది మంచి ఆధారమే. 2025–26 రాష్ట్ర బడ్జెట్ దాదాపు 3.22 లక్షల కోట్లు, అందులో రెవెన్యూ లోటే 33 వేల కోట్లు దాటింది. కొత్త పథకం ప్రకటించిన ప్రతి అభ్యర్థినీ ఏ పాత ఖర్చు తగ్గిస్తారని ఒక్కటే అడిగి ముందుకు సాగండి. వెనుకబడిన జిల్లాలకు ఏటా 50 కోట్ల చొప్పున కేంద్రం ఇచ్చి మూడేళ్ల తర్వాత ఆగిపోయిన నిధుల సంగతి పార్లమెంటు అభ్యర్థులను అడగడం సమంజసం, శాసనసభ అభ్యర్థిని దానికి నిలదీయడం వృథా.

వేదిక నడిపేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్నలు ముందుగా అందరు అభ్యర్థులకూ ఒకే రూపంలో పంపండి. చిక్కు ప్రశ్నతో పట్టుకోవడం మన ఉద్దేశం కాదు, చదివి వచ్చే అవకాశం ఇచ్చాక కూడా జవాబు రాకపోతే అది వారి ఎంపిక అవుతుంది. కులం, మతం పేరు చెప్పి ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం అవినీతికర ఆచరణ కనుక ఆ దిశగా మాట మళ్లితే వెంటనే ఆపండి. పోలింగుకు ముందు 48 గంటల్లో సభలు పెట్టవద్దు. ప్రతి అభ్యర్థీ నామినేషనుతో ఇచ్చే ఫారం 26 ప్రమాణపత్రం ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటుంది. కేసులు, ఆస్తుల గురించి వేదిక మీద రచ్చ చేయకుండా దాన్ని అచ్చు తీసి గోడకు అంటించండి. మన ప్రాంతంలో ఫ్యాక్షన్ పేరు ఎత్తగానే సభ పాడవుతుంది, కాగితం మాత్రం ఎవరితోనూ గొడవపడదు. సిట్టింగ్ సభ్యులైతే సభలో వారు వేసిన ప్రశ్నలు, మంత్రుల జవాబులు శాసనసభ ప్రచురణల్లో దొరుకుతాయి. నీళ్ల గురించి గొంతు చించుకున్నవారు ఐదేళ్లలో సభలో నీటిపై ఒక్క ప్రశ్న వేయలేదని తేలిన సందర్భాలున్నాయి.

చివరగా, పదునైన ప్రశ్నలన్నిటికీ మీకు ఎక్కువగా వచ్చే జవాబు ‘అది పార్టీ నిర్ణయం, నా చేతిలో లేదు’ అన్నది. ఇందులో సగం నిజముంది. 1985లో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం విప్ (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉన్నప్పుడు సభలో పార్టీకి వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వం పోతుంది. కాని ప్రశ్నోత్తరాల సమయంలో ప్రశ్న వేయడానికి, పద్దులపై కోత తీర్మానం ఇవ్వడానికి, మంత్రి ఇచ్చిన మాట ఏమైందని హామీల కమిటీకి రాయడానికి, జిల్లా సాగునీటి సలహా మండలి సమావేశంలో నీటి విడుదల తేదీపై అభ్యంతరం నమోదు చేయించడానికి విప్ అడ్డురాదు. అందుచేత ఆ జవాబు రాగానే వాదించకుండా రెండో ప్రశ్న వేయండి: పార్టీ నిర్ణయం మీ నియోజకవర్గానికి నష్టమని మీరు భావించినప్పుడు ఈ నాలుగింటిలో ఏది చేస్తారు, ఎంత గడువులో చేస్తారు? జవాబును వారి చేతనే రాయించి సంతకం తీసుకోండి, రాయనన్నవారి పేరు ఎదుట ఖాళీ వదిలి అన్ని జవాబులూ ఒకే కాగితం మీద అచ్చు వేయించి పంచండి.